‘అని తెలిసింది’: ఎవరికి తెలిసింది?

ప్రశ్న

గ్రూపు పెద్దలకు నమస్కారం. మనం మాట్లాడేటప్పుడు విన్నమాటను విన్నమాటగానే చెప్తాం: “ఆయన రాజీనామా చేశాడట.” అదే పేపర్లో “రాజీనామా చేసినట్లు తెలిసింది” అవుతుంది, టీవీలో “చేసినట్లు సమాచారం” అవుతుంది. రెండక్షరాల ‘అట’తో పోయేదానికి ఇంత పొడుగు దేనికి? అర్థంలో ఇవన్నీ ఒకటేనా?

జవాబు (విలేకరులు పంపే వార్తలను దిద్దే డెస్కులో పనిచేసి రిటైరైనవాణ్ణి)

ఒకటి కాదండీ. ‘తెలిసింది’ అంటే ఎవరికో ఒకరికి తెలియాలి. నాకు తెలిసింది, మా విలేకరికి తెలిసింది. పేపరు వాక్యంలో ఆ ‘కి’, ‘కు’ ఎగిరిపోతాయి. మనిషి మాయమై తెలియడం ఒక్కటే మిగులుతుంది. ‘అట’ అన్నవాడు “నేను చూడలేదు బాబూ, ఎవరో అంటే విన్నాను” అని ముందే ఒప్పుకుంటాడు. ‘తెలిసింది’ అన్నవాడు విన్నదాన్ని తీసుకెళ్లి తెలిసినదాని ఖాతాలో జమ వేస్తాడు.

మరి పేపరు ‘అట’ జోలికి ఎందుకు పోదంటే, దానికి ఎగతాళి అంటుకుని ఉంది. “పెద్ద పండితుడట!” అంటే నమ్మలేదని అర్థం. “మంత్రి రేపు వస్తారట” అని అచ్చు వేస్తే రారేమో అని వినపడుతుంది. అందుకే కాపీలో, అంటే విలేకరి రాసి పంపినదాంట్లో, ‘అట’ కనపడగానే డెస్కు కొట్టేస్తుంది. కొట్టేయడం సబబే. కాకపోతే దాని చోట పెట్టిన మాట సందేహాన్ని తీసేసింది, ఆధారం మాత్రం ఇవ్వలేదు. నా పేచీ అక్కడ.

ఇంకా గట్టిగా చూడాల్సింది వాక్యం చివరి క్రియ. “నిధులు దారి మళ్లాయని ఆయన...” దాకా రాసి ఆపండి. తర్వాత ‘చెప్పారు’ అంటే అన్నాడు, అంతే. ‘ఆరోపించారు’ అంటే ఇంకా రుజువు కాలేదని. ‘వెల్లడించారు’ అంటే దాగి ఉన్న నిజం బయటపడిందని, అంటే పేపరే తీర్పు ఇచ్చేసిందన్నమాట. ‘స్పష్టం చేశారు’ అంటే ఇక అనుమానాలు అక్కర్లేదని. ‘అంగీకరించారు’ అంటే తప్పు ఆయనదే. మనిషి ఒకడే, మాటా ఒకటే. వరసగా నాలుగు ‘చెప్పారు’లు పడితే చప్పగా ఉంటుందని కొత్త సబ్ ఎడిటర్లు మార్చి మార్చి వాడతారు. వాళ్ల లెక్కలో అది శైలి. చదివేవాడి లెక్కలో అది వార్త. నన్నడిగితే ‘చెప్పారు’ను మించిన క్రియ లేదు. చప్పగా ఉంటే ఉండనివ్వండి.

జవాబు

‘అని భోగట్టా’ను మర్చిపోయారు మాష్టారూ! ఇప్పుడది సినిమా కబుర్లకే పరిమితమైంది గానీ, నిజానికి అంత నిజాయితీ గల మాట ఇంకోటి లేదు. భోగట్టా అని కనపడగానే పాఠకుడు సగం కొట్టేసి చదువుకుంటాడు.

జవాబు (విలేకరిని)

డెస్కులో కూర్చుని ఎన్నయినా చెప్పచ్చండీ. పేరు బయటికొస్తే ఉద్యోగం పోయే మనిషి నాకొక ఫైలు చూపిస్తాడు. ‘తెలిసింది’ అని కాక ఏమని రాయను? అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవికి ఎసరు తెచ్చిన వాటర్‌గేట్ వ్యవహారంలో 1972 నుంచి వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు దారి చూపించిన ‘డీప్ త్రోట్’ అనే మారుపేరు మనిషి ఎవరో మూడు దశాబ్దాలు ఆ విలేకరులు చెప్పలేదు. అప్పట్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్ ఫెల్ట్ 2005లో తానే అని ముందుకొచ్చేదాకా ఆ మాట నిలబెట్టుకున్నారు. చెప్పినవాణ్ణి కాపాడుకోవడం మా వృత్తిలో మొదటి బాధ్యత.

జవాబు (డెస్కు)

కాదనను తమ్ముడూ. కానీ అదే పత్రికలో 1980లో ఇంకో కథ జరిగింది. జానెట్ కుక్ అనే విలేకరి హెరాయిన్‌కు అలవాటుపడిన ఎనిమిదేళ్ల పిల్లాడి గురించి రాశారు. మరుసటేడు దానికి అమెరికాలో పత్రికా రచనకిచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. అలాంటి పిల్లాడే లేడని తేలాక బహుమతి వెనక్కి ఇచ్చేశారు. రెండు చోట్లా పాఠకుడికి పేరు తెలియదు. ఫెల్ట్ ఎవరో విలేకరికి తెలుసు, ఆయన చెప్పింది ఇంకో చోట సరిచూసుకునేవారు కూడా. ఆ పిల్లాడెవరో ఎడిటర్లకే తెలియదు. పేరు అచ్చులో లేకపోయినా ‘ఎవరికి తెలిసింది?’ అంటే ఆఫీసు గోడల లోపలైనా జవాబుండాలి.

పాఠకుడికి పేరు అక్కర్లేదు, ఆ మనిషి సంగతికి ఎంత దగ్గరో చెబితే చాలు. ‘విశ్వసనీయ వర్గాలు’ అనే బదులు ‘ఆ సమావేశంలో కూర్చున్న ఇద్దరు అధికారులు’ అనండి, ‘ఆ ఫైలు చూసిన ఒక ఉద్యోగి’ అనండి. విశ్వసనీయమో కాదో చదివేవాడు తేల్చుకుంటాడు. ఆ సర్టిఫికెట్ మనం ఇవ్వకూడదు.

జవాబు (తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి)

ఎవరైనా పెడతారేమోనని చూశాను, పెట్టలేదు. నేనే పెడుతున్నా. సుమతీ శతకం:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము తెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

‘వివరింపదగున్’ దగ్గర పిల్లలు పొరపడతారు. విన్నాక పదిమందికీ వివరించి చెప్పమని కాదు. విన్నదాన్ని విడదీసి చూడమని. ఇప్పుడు జరిగేది మాత్రం పిల్లల అర్థమే: వినగానే వివరించడం.

అయితే పద్యం చెప్పినట్టు చేసినా మోసపోవచ్చు. ద్రోణుణ్ణి చూడండి. కొడుకు పోయాడని భీముడు అరిస్తే ఆయన నమ్మలేదు. వేగపడలేదు. అబద్ధమాడడని పేరున్న ధర్మరాజును అడిగాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అత్యంత విశ్వసనీయ వర్గాన్నే సంప్రదించాడు. ‘అశ్వత్థామ హతః’ పెద్ద అక్షరాల్లో వచ్చింది, ‘కుంజరః’ లోపలి పేజీలో పడింది. మాటకు మాట సరిచూస్తే తప్పు దొరకదు, ఆ పేరు గల ఏనుగు నిజంగానే చచ్చింది. 1947లో అమెరికాలో హచిన్స్ కమిషన్ పత్రికల మీద ఇచ్చిన నివేదికలో దాదాపు ఇదే ఉంది: జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తే సరిపోదు, దాని వెనకున్న నిజం కూడా రాయాలి అని. అన్నట్టు, నేలకు నాలుగంగుళాల పైన నడిచే ధర్మరాజు రథం ఆ మాటతో నేలకు దిగింది.

జవాబు (వెబ్ డెస్కు)

మా దగ్గర ‘తెలిసింది’ కూడా పాతబడింది మాష్టారూ. ఇప్పుడంతా ప్రశ్నార్థకమే. “ఆ హీరో పెళ్లి రద్దయిందా?” అంటాం. అబద్ధమాడలేదు, అడిగాం, అంతేగా! హెడ్డింగ్ చివర ప్రశ్న గుర్తుంటే జవాబు ‘కాదు’ అనుకోవచ్చని ఇయాన్ బెటరిడ్జ్ అనే బ్రిటన్ విలేకరి 2009లోనే అన్నాడు. ఇక హెడ్డింగు స్క్రీన్‌షాట్ అయి ఊరేగుతుంటే ‘కుంజరః’ అసలు రానే రాదు. మొదటివాడు ‘అట’ అని పంపుతాడు, రెండోవాడు అది తీసేస్తాడు, మూడోవాడు ‘కన్ఫర్మ్’ చేరుస్తాడు.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. అచ్చులో తప్పు పడితే మర్నాడు ‘సవరణ’ వేసేవారు. ఎంత మూల వేసినా, తప్పూ సవరణా రెండూ ఫైల్లో ఉండేవి. వెబ్‌లో పాత వాక్యాన్ని నొక్కి చెరిపేసి ‘అప్‌డేట్’ అని టైము మారుస్తారు. నిన్న ఏం రాశామో ఇవాళ ఎవరికీ ఆనవాలుండదు. ఇప్పుడు యంత్రాలు రాసే కాపీ కూడా వస్తోంది. చక్కగా ‘వర్గాలు తెలిపాయి’ అంటుంది. ఫోన్ చేసి అడగడానికి అక్కడ వర్గమూ లేదు, విలేకరీ లేడు. అలాంటి వాక్యం వస్తే ఒక మనిషి ఫోనెత్తి కనుక్కోవాలి, లేదా కొట్టేయాలి. మా డెస్కులో నేను కొట్టేస్తున్నా.

ప్రశ్న అడిగినవాణ్ణి

అందరికీ ధన్యవాదాలు. ఇంతకీ నా రాజీనామా వాక్యాన్ని ఎలా రాయమంటారు?

జవాబు (డెస్కు)

ఆయనతో మాట్లాడితే “రాజీనామా లేఖ పంపానని ఆయన ఫోన్‌లో చెప్పారు.” దొరక్కపోతే “లేఖ అందిందని ఆ కార్యాలయంలో ఇద్దరు చెప్పారు. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.” రెండూ లేకపోతే ఆ జాగాలో ఇంకో వార్త పెట్టండి. ఇక ‘అట’ అచ్చులో వద్దు గానీ ఫార్వర్డ్ చేసేటప్పుడు మాత్రం తగిలించండి.

జవాబు (విలేకరిని)

‘ఫోన్ ఎత్తలేదు’ అన్నారు చూడండి, అది బాగుంది. మామూలుగా ‘అందుబాటులోకి రాలేదు’ అని రాస్తారు. చాలాసార్లు దానర్థం మేం ఫోనే చెయ్యలేదని.