అబ్జెక్షన్ చెప్పామంటారు, రికార్డులో లేదు. అప్పీల్లో దిక్కేది?

చిత్తూరు జూనియర్:
తిరుపతిలో ఎర్రచందనం కేసులో శిక్ష పడిన ఒక కూలీ తరఫున హైకోర్టు అప్పీలు తయారుచేయమని సీనియర్ కేసు కట్ట చేతిలో పెట్టారు. ట్రయల్ చేసింది వేరే లాయరు. పోలీసుల ముందు కూలీ నేరం ఒప్పుకున్నట్టు రాసిన పంచనామా మొత్తం ప్రాసిక్యూషన్ సాక్ష్యపు కాగితం (ఎగ్జిబిట్) పి-3గా మార్క్ అయింది. "అప్పుడే అబ్జెక్షన్ చెప్పాను, జడ్జిగారు తలూపారు కూడా" అంటున్నాడాయన. ఎస్ఐ సాక్ష్యం సర్టిఫైడ్ కాపీ మూడుసార్లు తిరగేశాను, ఆ మాట ఎక్కడా లేదు. ఫోన్ కాల్ రికార్డులైతే, ఎలక్ట్రానిక్ రికార్డు అసలైనదేనని ఇవ్వాల్సిన సర్టిఫికెట్ లేకుండానే పి-7గా ఎక్కాయి. దానికి అసలు ఎవరూ నోరు విప్పలేదు.
కింది కోర్టులో అడ్డు చెప్పలేదు కాబట్టి పైకోర్టులో అడగకూడదనడం న్యాయమేనా? నేనైతే కాదంటాను. లాయరు కునుకు తీస్తే జైలుకెళ్లేది కూలీనా?

ప్రాసిక్యూషన్ పక్షం:
తమ్ముడూ, పి-7 సంగతి మర్చిపో. సోనూ వర్సెస్ హర్యానా కేసులో 2017లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. కాల్ రికార్డు దానంతట అది పనికిరాని సాక్ష్యం కాదు, సర్టిఫికెట్ లేకపోవడం రుజువు చేసే పద్ధతిలో లోపం, అది మార్క్ చేసేటప్పుడే అనాలి అని. కారణం కూడా సబబే. ఆ రోజే లేచి అడిగి ఉంటే పీపీ (ప్రభుత్వ లాయరు) టెలికాం కంపెనీలో ఈ రికార్డులు చూసే నోడల్ ఆఫీసరును పిలిపించి సర్టిఫికెట్ తెప్పించుకునేవాడు. ట్రయల్లో మౌనంగా కూర్చుని, ఏళ్ల తర్వాత అమరావతిలో లేచి "సర్టిఫికెట్ ఏదీ?" అంటే ఎక్కడి నుంచి తెస్తారు? కొందరు కావాలనే దాచిపెట్టుకుంటారు, నేను చూశాను.

చిత్తూరు జూనియర్:
సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ముగ్గురు జడ్జిలు చెప్పారు కదా సార్?

ప్రాసిక్యూషన్ పక్షం:
తప్పనిసరే. లేదని ఎప్పుడు అనాలన్నదే మన తగువు.

తిరుచానూరు రోడ్డు:
నేను లాయర్ని కాదు స్వామీ, కోర్టు వరండాలో కూర్చుని కాళ్లు నొప్పులు పుట్టినవాణ్ని. మా చిన్నాయన కేసులో నేరం రుజువైందని జడ్జిగారు చెప్పి, "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" అన్నారు. మా లాయరు పక్క కోర్టులో ఉన్నాడు. చిన్నాయన చేతులు కట్టుకుని "దయ చూపండి సార్" అన్నాడంతే. పిన్నమ్మ డయాలసిస్ కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి, ఎవరికివ్వాలో తెలీలేదు. అప్పీల్లో ఆ కాగితాలు చూపిస్తే, కింద ఎందుకు పెట్టలేదని అడిగారు. ఆ సంచి ఇంకా పారేయలేదు.

పాత బెంచ్ క్లర్క్:
బాబూ, నీ సంగతి వేరే రకం. సెషన్స్ కేసులో శిక్షపై వినడం మొక్కుబడి కాదని సంతాసింగ్ కేసులో 1976లోనే చెప్పారు. అది ఉరిశిక్ష కేసు. శిక్ష గురించి అడగనేలేదని మళ్లీ కింది కోర్టుకు పంపారు. మీవాళ్లను అడిగారు గానీ చెప్పుకోవడానికి తీరిక ఇవ్వలేదు. "టైమ్ కావాలి" అని ఒక్క మెమో (రాతలో చిన్న వినతి) పడి ఉంటే పైకోర్టులో పట్టు దొరికేది.
జూనియర్ గారూ, ఆ లాయరు అబద్ధం చెప్తున్నాడని అనుకోవద్దు. డయాస్ కింద చాలా ఏళ్లు కూర్చున్నాను. జడ్జిగారు డిక్టేట్ చేసిందే టైప్ అవుతుంది. లాయరు అబ్జెక్షన్ అంటాడు, జడ్జిగారు "సరే, కానివ్వండి" అంటారు, ఆ మాట గాల్లో పోతుంది. "నా అభ్యంతరం రాయించండి సార్" అని రెండోసారి నిలబడి అడిగేవాడు పదిమందిలో ఒక్కడు. జడ్జిగారికి కోపమొస్తుందని భయం.
2001లో బిపిన్ శాంతిలాల్ పాంచాల్ తీర్పు వచ్చాక అభ్యంతరాన్ని రాసుకుని, డాక్యుమెంట్‌ను మార్క్ చేసి, తీర్పులో తేల్చేవాళ్లం. స్టాంపు డ్యూటీ తగువైతే మాత్రం అప్పటికప్పుడే. 2021లో సుప్రీంకోర్టే మళ్లీ, సాక్షిని అడిగే ప్రశ్నలపై అభ్యంతరాలను అక్కడికక్కడే, కాకుంటే ఆ సాక్షి సాక్ష్యం ముగిసేలోపు తేల్చమంది. కాగితం మీద బాగానే ఉంది.

డాలస్ బావ:
ఇక్కడ ఫెడరల్ కోర్టుల్లో ఇంకా కఠినం. అప్పుడే అనకపోతే "ప్లెయిన్ ఎర్రర్" అంటే కళ్లకు కట్టినట్టు కనిపించే తప్పు ఉంటేనే పైకోర్టు పట్టించుకుంటుంది. అయినా 2020లో హోల్గిన్-హెర్నాండెజ్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు కాస్త పట్టు సడలించింది. ముద్దాయి తక్కువ శిక్ష వేయమని అడిగాడు, 12 నెలలు వేశారు. వేశాక మళ్లీ అబ్జెక్షన్ అనలేదు. తక్కువ అడిగాడంటే ఎక్కువ అన్నట్టే కదా, వేరే మంత్రం చదవక్కర్లేదని ఏకగ్రీవంగా చెప్పారు.

ప్రాసిక్యూషన్ పక్షం:
మన దగ్గరా తలుపు పూర్తిగా మూయలేదు బావా. క్రిమినల్ విచారణ చట్టంలో పాత సీఆర్పీసీ 465 సెక్షన్, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 511, న్యాయం దెబ్బతిందా అని చూడమంటుంది, అభ్యంతరం ముందే చెప్పగలిగేవాడా అని కూడా చూడమంటుంది. జూనియర్, నీకు అసలు బలం పి-3లో ఉంది. పోలీసులకిచ్చిన ఒప్పుకోలు పుట్టుకతోనే చెల్లదు, దానికి అబ్జెక్షన్ అక్కర్లేదు, ఎప్పుడైనా అడగొచ్చు. దుంగలు దొరికేలా చేసిన ముక్క మాత్రం నిలుస్తుంది. కానీ ముందు రాసుకున్నది పోలీసులా, అటవీశాఖ వాళ్లా చూసుకో. ఫారెస్టు ఆఫీసరుకు చెబితే లెక్క వేరు. ఎర్రచందనం కేసుల్లో చాలామంది బోర్లా పడేది ఇక్కడే.

చిత్తూరు జూనియర్:
ఇప్పుడే చూశాను సార్, ఎస్ఐ సంతకమే. గ్రౌండ్స్‌లో (అప్పీలు కారణాల్లో) పి-3ని మొదటికి తెస్తాను. పి-7పై మాత్రం మీతో ఒప్పుకోను, లీగల్ ఎయిడ్ లాయరున్న కేసులో ఆ రూల్ అన్యాయమే.
క్లర్క్ గారూ, ఎల్లుండి నాకే ఒక ట్రయల్ ఉంది, పంచనామా సాక్షి వస్తున్నాడు. అభ్యంతరం మెమో రెండు వాక్యాల్లో ఎలా రాయాలో చెప్తారా?

పాత బెంచ్ క్లర్క్:
రెండు ప్రతులు తీసుకెళ్లు. ఏ ఎగ్జిబిటో, ఏ కారణమో రాసి, "దీన్ని రికార్డులో చేర్చాలని కోరుతున్నాను" అని ముగించు. రెండో ప్రతి మీద క్లర్కు చేత తేదీ వేయించుకుని సంతకం పెట్టించుకో. భోజనం టైముకు ముందే ఇవ్వు, తర్వాత ఎవరూ ముట్టుకోరు.