ఊరంతా ఎరిగిన కౌంటీలో ఒకరి పాత కేసులు వెతకొచ్చా?

మెస్కీట్‌చెట్టు:
మేముండేది పశ్చిమ టెక్సస్‌లో. కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం గాలించినా ఐదు వేల మంది ఉండరు. మా ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు, నేను ఇంటి నుంచి పని చేస్తాను. పాపకి పద్నాలుగు నెలలు. మా అత్తగారు ఆరు నెలలుండి వెళ్ళిపోయాక పాపని చూసుకోవడానికి ఒకావిడని పెట్టుకున్నాం. యాభై దాటిన మనిషి, పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. పాప కొత్తవాళ్ళ దగ్గరికి పోదు. ఆవిడ భుజం మీద మాత్రం రెండో రోజే నిద్రపోయింది.

మూడు వారాలు బాగానే గడిచింది. మొన్న పెట్రోలు బంకులో ఒక పెద్దాయన మాటల్లో మాటగా "ఆమె మీద ఎప్పుడో కేసులుండేవి, తెలుసుగా" అన్నాడు. ఆ రాత్రే మనుషుల వివరాలు అమ్మే ఒక సైటుకి ముప్పై డాలర్లు కట్టి ఆవిడ పేరు కొట్టాను. మూడు కేసులు చూపించింది: గంజాయి, దొంగతనం, దొంగ సంతకం. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మా ఆవిడ కోర్టుకెళ్ళి అసలు రికార్డు తీయించమంటోంది. నాకు మనసు ఒప్పట్లేదు. క్లర్కు ఆఫీసులో ఉండేది ఇద్దరే, అందులో ఒకావిడ ఈవిడకి మేనకోడలు. నేను పొద్దున అడిగితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అడిగే హక్కు నాకుంది, తెలుసు. కానీ అడగడం న్యాయమేనా?

నెల్లూరు_పెద్దమ్మ:
నాయనా, చంటిబిడ్డ దగ్గర మొహమాటం పెట్టుకోకు. నేను ఇద్దరు మనవళ్ళని పెంచాను. మాటలు రాని బిడ్డ సాయంత్రం మీకొచ్చి ఏం చెప్పగలదు? పెద్దవాళ్ళమే కళ్ళు తెరుచుకుని ఉండాలి. మేనకోడలు ఏమన్నా అనుకోనీ. రేపు పొద్దున్నే వెళ్ళి అడుగు.

కోర్టుకాగితాలు:
పదకొండేళ్ళుగా డాలస్ దగ్గర ఒక లాయరు ఆఫీసులో పారాలీగల్‌గా చేస్తున్నాను. న్యాయం సంగతి తర్వాత, ముందు ఏ కాగితం ఎక్కడుంటుందో చెప్తాను. చాలామంది అక్కడే బోల్తా పడతారు.

మీరు డబ్బు కట్టిన సైటుని పక్కన పెట్టండి. అలాంటి సైట్లు పేరు కలిస్తే చాలు, అన్నీ ఒకరి ఖాతాలో వేసేస్తాయి. పైగా మనిషిని పనిలో పెట్టుకోవడానికి మా సమాచారం వాడకూడదని వాళ్ళే అడుగున చిన్న అక్షరాల్లో రాసుకుంటారు. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం ఉద్యోగం కోసం బయటి సంస్థ చేత వెతికించాలంటే ఆ మనిషి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ రిపోర్టు చూసి వద్దనుకుంటే ముందుగా దాని కాపీ వాళ్ళ చేతికివ్వాలి. ఈ చట్టాన్ని ఖాతరు చేయకుండా మనుషుల ప్రొఫైళ్ళు అమ్మినందుకే 2012లో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఒక సంస్థ చేత 8 లక్షల డాలర్లు కట్టించింది.

టెక్సస్‌లో కాగితాలు మూడు చోట్ల ఉంటాయి. ఫెలనీలు, అంటే పెద్ద నేరాలు, డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. క్లాస్ ఎ, బి మిస్‌డిమీనర్లు, అంటే అంతకన్నా చిన్న నేరాలు, కౌంటీ క్లర్కు దగ్గర. జరిమానాతో పోయే మరీ చిన్నవి జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే కింది స్థాయి జడ్జి దగ్గర. మీలాంటి చిన్న కౌంటీల్లో మొదటి రెండు పదవులూ ఒక్కరే చూస్తారు కాబట్టి ఒకే కిటికీ దగ్గర పని అయిపోతుంది. పూర్తి పేరు, పుట్టిన తేదీ ఇచ్చి వెతకమనాలి. చిన్న రుసుము ఉంటుంది, కాపీలకి పేజీకి ఇంతని తీసుకుంటారు. రాష్ట్ర పోలీసు శాఖ డీపీఎస్ వెబ్‌సైటులో కూడా ఎవరైనా డబ్బు కట్టి వెతకొచ్చు, కానీ అక్కడ కనబడేవి శిక్ష పడ్డ కేసులు, డిఫర్డ్ అడ్జుడికేషన్ కేసులే (అంటే కోర్టు షరతులు పెట్టి, అవి పూర్తి చేస్తే శిక్ష వేయకుండా వదిలేసేవి). కొట్టేసినవి అక్కడ రావు. కౌంటీలో వస్తాయి.

కౌంటీ పోలీసు అధికారి షెరిఫ్ ఆఫీసుకెళ్ళి "ఈవిడ మీద ఉన్నవన్నీ ఇవ్వండి" అని మాత్రం అడగకండి. ఒక మనిషి నేరచరిత్రంతా ఒకచోట పోగేసి ఇవ్వడం ఆ మనిషి ప్రైవసీకి భంగమని ఇక్కడి అటార్నీ జనరల్ ఆఫీసు ఎప్పటినుంచో చెప్తోంది. ఫలానా తేదీ, ఫలానా సంఘటన అని అడిగితే అరెస్టుకి సంబంధించిన మూల వివరాలు ఇవ్వాల్సిందే. ఇంకొకటి, తెలిసిన పోలీసు చేత చాటుగా కంప్యూటర్‌లో చూపించుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది నేరం.

తుంగభద్ర:
అక్కా, ఎలా వెతకాలో చక్కగా చెప్పారు. అసలు వెతకాలా అన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, నా సొంత కథ కాబట్టి.

మా అన్న కాపురంలో గొడవలొచ్చి వదిన వాళ్ళు 498ఏ కేసు పెట్టారు. నేనప్పుడు బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉన్నాను. ఎఫ్ఐఆర్‌లో ఏ4గా నా పేరు రాశారు. ఆరేళ్ళు కర్నూలు కోర్టు చుట్టూ తిరిగాక అందరినీ నిర్దోషులన్నారు. ఆ రోజు మా అమ్మ కోర్టు మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. అయిపోయిందనుకున్నాం, అవలేదు. కోర్టు కేసుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో నా పేరు కొడితే ఈ రోజుకీ ఆ కేసు నంబరు వస్తుంది. ఒక కంపెనీ ఆఫర్ ఇచ్చి, వెరిఫికేషన్ పేరుతో రెండు నెలలు నానబెట్టి, చివరికి ఫోన్ ఎత్తడం మానేసింది. తీర్పు కాపీ పంపాను. చదివారో లేదో.

2016లో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టమంది, నెట్ సరిగ్గా లేని చోట్ల 72 గంటల దాకా గడువిచ్చింది. నిందితుడికి మేలు చేయాలనే ఆ మాట చెప్పింది, దాన్ని నేను కాదనను. కానీ ఎక్కించినంత వేగంగా దించేవాళ్ళు లేరు. భారత సంతతి అమెరికన్ ఒకాయన 2009లో ఇండియాకి వచ్చి డ్రగ్స్ కేసులో ఇరుక్కున్నాడు. కింది కోర్టూ హైకోర్టూ రెండూ నిర్దోషి అన్నాయి. అయినా అమెరికాలో ఉద్యోగమిచ్చేవాళ్ళు గూగుల్‌లో ఆ తీర్పు చూసి వెనక్కి పోతుంటే 2021లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాడు. ఆ తీర్పు సెర్చ్‌లో కనబడకుండా చేయమని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అలా కోర్టుకెక్కే స్తోమత ఎంతమందికి ఉంటుంది?

అన్నా, డీపీఎస్‌లో శిక్షలు చూసుకోండి, చాలు. కొట్టేసిన కేసుల కోసం కౌంటీ దాకా వెళ్ళకండి.

నెల్లూరు_పెద్దమ్మ:
బాబూ, నీకు జరిగింది అన్యాయమే, మీ అమ్మని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. కానీ కొట్టేసిన కేసులన్నీ అబద్ధపు కేసులు కావు. సాక్షిని బెదిరించినా కేసు పోతుంది, రాజీపడినా పోతుంది. మన ఊళ్ళల్లో చూడలేదా? బిడ్డని అప్పజెప్పే తల్లి ఏం జరిగిందో తెలుసుకోకూడదంటే నేనొప్పుకోను.

హైవే_మోటెల్:
ఓక్లహోమా సరిహద్దులో ఇరవై ఏళ్ళుగా మోటెల్ నడుపుతున్నాను. గదులు శుభ్రం చేసేవాళ్ళ చేతిలో అన్ని తాళాలూ ఉంటాయి కాబట్టి వెతకకుండా ఎవర్నీ పెట్టుకోను. కాకపోతే వాళ్ళకి చెప్పి వెతుకుతాను. "మీ మీద ఏమన్నా ఉంటే ముందే చెప్పండి, తర్వాత నేనెలాగూ చూస్తాను" అంటాను. సగం మంది అక్కడే చెప్పేస్తారు. అలా చెప్పిన వాళ్ళలో ఒకావిడ పద్నాలుగేళ్ళుగా నా దగ్గరే ఉంది. చిన్న ఊళ్ళో చాటుగా వెతికితే మీరు వెతికారన్న కబురు మీకన్నా ముందు ఆవిడ ఇంటికి చేరుతుంది. ఆ తర్వాత ఆవిడ మీ పాపని ఏ మనసుతో ఎత్తుకుంటుంది? ముందు ఆవిడతో మాట్లాడు తమ్ముడూ.

కోర్టుకాగితాలు:
చట్టప్రకారం మీరే స్వయంగా కోర్టుకెళ్ళి చూసుకుంటే ఆవిడకి చెప్పక్కర్లేదు. కానీ మోటెల్ అన్న మాటే సరైనదని నాకూ అనిపిస్తోంది. 1989లో అమెరికా సుప్రీంకోర్టు దగ్గరికి ఇలాంటి ప్రశ్నే వచ్చింది. ఎఫ్‌బీఐ పోగేసిన నేరచరిత్ర పత్రాన్ని పత్రికల వాళ్ళు అడిగారు. ఊరూరా కోర్టుల్లో విడివిడిగా పడి ఉన్న కాగితాలు వేరు, వాటన్నిటినీ గుదిగుచ్చిన చిట్టా వేరు అంటూ కోర్టు ఇవ్వనక్కర్లేదంది. దుమ్ము పట్టిన పుస్తకంలో ఉన్నదాన్ని ఊరి నోట్లో పెట్టడం కూడా అలాంటిదే కదా.

మెస్కీట్‌చెట్టు:
నాలుగు రోజులైంది, జరిగింది చెప్తాను.

ఆదివారం ఆవిడని టీకి పిలిచి, బంకు దగ్గర విన్న మాట, సైటులో చూసింది, అన్నీ చెప్పేశాను. కాసేపు కప్పులోకే చూస్తూ కూర్చుంది. తర్వాత "సోమవారం నేనూ వస్తాను, నా పుట్టిన తేదీ లేకుండా వాళ్ళకి దొరకదు" అంది.

కోర్టు ఇసుకరాయి భవనం, లోపల పాత కాగితాల వాసన. 2000కి ముందువి కంప్యూటర్‌లో లేవు. మేనకోడలు బీరువాలోంచి గుడ్డ అట్ట వేసిన సూచిక పుస్తకం తీసి, రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఇంటిపేరు మొదటి అక్షరం దగ్గర విప్పి వేలితో ఒక్కో వరుసా దిగుతూ వచ్చింది. ముగ్గురమూ నోరు మెదపలేదు. అందులో ఏమీ లేదు. కంప్యూటర్‌లో రెండు కేసులు దొరికాయి.

మొదటిది సైటులో వచ్చిన గంజాయి కేసు. 2004, క్లాస్ బి, డిఫర్డ్ అడ్జుడికేషన్, షరతులన్నీ పూర్తి చేసింది. దొంగతనం, దొంగ సంతకం ఈవిడవి కావు. అదే పేరుతో మరో కౌంటీలో ఉన్న ఇంకొకరివి, పుట్టిన సంవత్సరమే వేరు. రెండో కేసు సైటులో లేనే లేదు. 2009, భర్తని కొట్టిందన్న కేసు, కొట్టేశారు. కొట్టేయమని ప్రాసిక్యూటర్ వేసిన కాగితం ఒకటే పేజీ. కారణాలు వరుసగా అచ్చువేసి పక్కన గళ్ళున్నాయి, ఫిర్యాదు చేసినవాళ్ళు కోరారన్న గడిలో టిక్కు పెట్టారు. ఏం జరిగిందో అందులో ఇంకొక్క ముక్క లేదు. కారెక్కాక ఆవిడ ఎడమ చెయ్యి చాపి చూపించింది, మణికట్టు దగ్గర ఎముక వంకరగా అతుక్కుంది. "ఆ రోజు ముందు ఫోన్ చేసింది అతను" అంది. నేనేమీ అడగలేదు.

తమ్ముడూ తుంగభద్రా, నీ మాట విని డీపీఎస్‌తో ఆగిపోతే ఈ కేసు నాకు తెలిసేది కాదు. పెద్దమ్మ మాట విని ఒక్కణ్ణే వెళ్ళుంటే తెలిసేది, కానీ ఆ ఒక్క పేజీ చూసి ఆవిడని మాన్పించేవాణ్ణి. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తుంగభద్ర:
అన్నా, మీరు పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు కాబట్టి ఆ చెయ్యి చూశారు. ఆ పేజీ తెరిచే అందరూ అలా అడగరు. నా మాట మీదే ఉన్నాను.

నెల్లూరు_పెద్దమ్మ:
మీ ఆవిడ ఏమంది నాయనా?

మెస్కీట్‌చెట్టు:
మొదటి రెండు రోజులు కుదుటపడలేదు, పెద్దమ్మా. ఆసుపత్రి నుంచి గంటకోసారి ఫోన్. నిన్న మాత్రం తనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్స్‌రే తీయిద్దాం రమ్మంది. ఆవిడ పనిలోనే ఉంది.

కోర్టుకాగితాలు అక్కా, ఈ రెండు కేసులకీ ఏమైనా చేయొచ్చా?

కోర్టుకాగితాలు:
డిఫర్డ్ పూర్తి చేసింది కాబట్టి 2004 కేసుకి నాన్‌డిస్‌క్లోజర్ ఉత్తర్వు అడగొచ్చు. అది వస్తే మామూలు జనానికి కనబడదు, పోలీసులకీ కొన్ని ప్రభుత్వ సంస్థలకీ మాత్రం కనబడుతుంది. కొట్టేసిన దానికి ఎక్స్‌పంక్షన్, అంటే రికార్డు చెరిపించుకునే దారి ఉంది, దానికి ఆగాల్సిన గడువు ఎప్పుడో తీరిపోయింది. అది మంజూరైతే ఫైలే ఉండదు, ఎవరైనా అడిగితే అలాంటిదేమీ జరగలేదని ఆవిడ చెప్పుకోవచ్చు. రెండింటికీ లాయరు ఒకసారి కాగితాలు చూడాలి. ఆదాయం తక్కువైతే ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

నెల్లూరు_పెద్దమ్మ:
పూర్తిగా చెరిపేస్తే రేపు ఇంకో తల్లికి ఎలా తెలుస్తుందమ్మా?

మెస్కీట్‌చెట్టు:
దానికి నా దగ్గర జవాబు లేదు, పెద్దమ్మా. శుక్రవారం పది గంటలకి లబక్‌లో లాయరుతో అపాయింట్‌మెంట్ దొరికింది. రెండు గంటల దారి, నేనే తీసుకెళ్తున్నాను. వెనక సీట్లో పాప పక్కన ఆవిడ కూర్చుంటుంది.