కారు కిటికీ అద్దాలకు ఇంట్లోనే ఫిల్మ్ అంటించుకోవచ్చా?

వేళచ్చేరి వాసి:
అందరికీ నమస్కారం. మేము చెన్నై నుంచి నెలకు రెండుసార్లు నెల్లూరులోని అత్తవారింటికి కారులో వెళ్లివస్తుంటాము. మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరితే, దారి పొడవునా ఎడమవైపు కిటికీలోంచి పడమటి ఎండ మా పాప ఒడిలోనే పడుతుంది. కిందటి రోహిణి కార్తెలో సీటుబెల్టు ఇనుప కొక్కెం తగిలి పాప చెయ్యి కందిపోయింది. జనరల్ ప్యాటర్స్ రోడ్డులోని ఒక దుకాణంలో నాలుగు కిటికీలకు ఎండ ఆపే ఫిల్మ్ అంటించడానికి చెప్పిన ధర విని, మర్యాదగా నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. ఆన్‌లైన్‌లో రోల్ చవకగానే దొరుకుతోంది. నాకు నలుపు అక్కరలేదు, వేడి తగ్గితే చాలు. చేతిపని కొంత తెలిసిన నేనే అంటించుకోగలనా? పోలీసులతో ఇబ్బంది ఉంటుందా?

అంబత్తూరు పాత సభ్యుడు:
ముందు చట్టం సంగతి చూడండి. కేంద్ర మోటారు వాహన నియమాలలోని 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాలలోంచి కనీసం 70 శాతం, పక్క కిటికీలలోంచి కనీసం 50 శాతం కాంతి లోపలికి రావాలి. అయితే 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, ఎంత శాతమైనా సరే, అద్దం మీద విడిగా నల్ల ఫిల్మ్ గానీ మరే పదార్థం గానీ అంటించకూడదని తీర్పు చెప్పింది. 2020లో ఆ నియమాన్ని సవరించారు. దాని ఆధారంగా, నిర్ణీత శాతాలకు లోబడిన ఫిల్మ్ వాడితే జరిమానా వేయకూడదని కేరళ హైకోర్టు 2024లో చెప్పింది. ఆ తీర్పును చెన్నై కూడలిలో నిలబడిన పోలీసు ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. ఆపి, అక్కడికక్కడే పీకించవచ్చు. ఆ సంగతి తెలిసి దిగితే తరువాత బాధ ఉండదు.

పెరంబూరు నుంచి:
రెండేళ్ల క్రితం మా అపార్ట్‌మెంటు సెల్లారులో నా కారుకు నేనే అంటించాను కాబట్టి, చెయ్యి కాల్చుకున్నవాడి మాటగా వినండి. చాలామంది పొరపడేది లెక్కలో. ఫిల్మ్ మీద 60 శాతం అని ఉంటే కిటికీ 60 శాతమే అనుకుంటారు గానీ, కంపెనీ అద్దానికే లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఆ అద్దం 75 శాతం కాంతిని వదులుతుందనుకుంటే, దాని మీద 60 శాతం ఫిల్మ్ వేసినప్పుడు మిగిలేది 45 శాతమే, అంటే నియమానికి తక్కువ. 70 శాతం ఫిల్మ్ అయితే 52.5 వస్తుంది. సూర్యరశ్మి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే కాబట్టి, వాటిని ఆపే సిరామిక్ రకం ఫిల్మ్ పారదర్శకంగా కనిపిస్తూనే వేడిని తగ్గించగలదు. చవక రోల్ చాలావరకు రంగు పులిమినదే. నల్లగా కనిపిస్తుంది గానీ వేడిని ఆపడంలో సిరామిక్‌కు సాటి రాదు, కొన్నాళ్లకు ఊదారంగుకు తిరుగుతుంది.

అద్దానికి లోపలివైపు అంటించాలి. అయితే కొలతకు కత్తిరించేటప్పుడు ఫిల్మ్‌ను బయటివైపు తడిపి పరిచి, చుట్టూ కొంచెం ఎక్కువ వదిలి కోసుకోవాలి. స్ప్రే సీసాలో నీళ్లు పోసి నాలుగు చుక్కలు బేబీ షాంపూ కలిపితే, ఫిల్మ్ అద్దం మీద జారుతూ మనకు సర్దుకునే వ్యవధి ఇస్తుంది. వెనకనున్న పారదర్శక కాగితం గోటికి దొరకదు. మూలకు రెండువైపులా టేపు ముక్కలు అతికించి లాగితే విడిపోతుంది. కిటికీని ఒక అంగుళం కిందికి దించి, పై అంచును ముందు సరిచేసి, తరువాత అద్దం ఎత్తి కింది అంచును రబ్బరు బీడింగ్ లోపలికి దోపాలి. మధ్యనుంచి అంచులకు స్క్వీజీతో (రబ్బరు అంచున్న పలకతో) నీళ్లు నెట్టాలి. నేను నూలు తువ్వాలుతో తుడిచాను. ఒక్క దారపు పోగు లోపల ఉండిపోయి, ఈనాటికీ డ్రైవరు కిటికీలో తోక తెగిన బల్లిలా నన్ను చూస్తోంది. ఫ్యాను ఆపి, తెల్లవారుజామున, నేల మీద నీళ్లు చల్లి మొదలుపెట్టండి.

వేళచ్చేరి వాసి:
పెరంబూరు గారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. వెనక అద్దం సంగతి ఏమిటండీ? అంటించాక చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తే పీకి మళ్లీ వేయాలా?

కోరమంగళ మెకానిక్:
వెనక అద్దం రెండు దిక్కులా వంగి ఉంటుంది. వేడి గాలి వదిలే హీట్ గన్‌తో ఫిల్మ్‌ను ముడుచుకునేలా చేయాలి, వేడి ఎక్కువైతే అద్దమే పగలవచ్చు. మంచు కరిగించే గీతల మీద బ్లేడు తగిలితే అవి తెగిపోతాయి. దాన్ని వదిలేయండి, లేదా దుకాణానికి ఇవ్వండి. ముందు అద్దం జోలికి అసలు పోవద్దు. అందులో రెండు గాజు పలకల మధ్య ఉన్న ప్లాస్టిక్ పొర అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఇప్పటికే ఆపుతుంది. పైగా లోహపు పూత ఉన్న ఫిల్మ్ వేస్తే ఫాస్టాగ్ టోల్‌గేటు దగ్గర మొరాయిస్తుంది.

నీటి బుడగలకు కంగారు పడవద్దు, చెన్నై ఎండకు కొద్ది రోజుల్లో అవే ఆరిపోతాయి. దుమ్ము వల్ల వచ్చిన బుడగ మాత్రం పోదు. నాలుగు రోజులు కిటికీలు దించకండి. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మరిచిపోయేది అదే కాబట్టి, పవర్ విండో స్విచ్‌ల మీద టేపు అంటించి ఉంచండి. పిల్లలు ఉన్న ఇంట్లో అది మరీ అవసరం.