గేర్లు లేని అతి చవక సైకిల్ కొనొచ్చా?

పాదచారి:

పనికి వెళ్లిరావడానికి సైకిల్ కావాలి. పోను 6 కి.మీ., రాను 6. దారంతా చదునే, మధ్యలో ఒక వంతెన మాత్రం ఎక్కి దిగాలి. ఆన్‌లైన్‌లో ఒక సింగిల్ స్పీడ్ కంటబడింది. పేరున్న కంపెనీల సింగిల్ స్పీడ్ ధరలో మూడోవంతు కూడా లేదు. స్టీల్ ఫ్రేము, ముందు 44 పళ్లు, వెనక 16, టైర్లు 700×28, ముందూ వెనకా కాలిపర్ బ్రేకులు (రిమ్మును రెండు పక్కలా నొక్కేవి). వెనక హబ్‌కి (చక్రం నడిమి భాగం) ఒక పక్క ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రం తిరిగేది), రెండో పక్క ఫిక్స్‌డ్ (చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ కూడా తిరిగేది) అని రాశారు. అట్టపెట్టెలో వస్తుంది, ముందు చక్రం, హ్యాండిల్, సీటు, పెడల్స్ మనమే బిగించుకోవాలట.

ఇదే డబ్బుకి 21 గేర్లు, రెండు పక్కలా సస్పెన్షన్ ఉన్నవీ దొరుకుతున్నాయి. అలాంటప్పుడు గేర్లు లేనిది తీసుకోవడం సబబేనా? తీసుకుంటే ముందు ఏది పాడవుతుంది?

హబ్‌గ్రీజు:

ఆ 21 గేర్లదాని వంక చూడకండి. అదే డబ్బులో రెండు డెరైలర్లు (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి మార్చేవి), రెండు షిఫ్టర్లు (గేరు మార్చే మీటలు), ఏడు పళ్లచక్రాల ఫ్రీవీల్, స్ప్రింగు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం), వెనక షాకు అన్నీ ఇమడాలంటే ఒక్కటీ సరైనది పెట్టలేరు. ఆ ఫోర్కులో ఉండేది ఉత్త స్ప్రింగే. మీరు తొక్కే బలంలో కొంత అదే మింగేస్తుంది, పైగా బరువు. సింగిల్ స్పీడ్‌లో వస్తువులే తక్కువ కాబట్టి ఉన్నవి కాస్త మెరుగ్గా ఉండే అవకాశం ఉంది. ఇంకో సంగతి: గేర్ల సైకిల్‌లో వెనక చక్రానికి కుడి పక్క స్పోకులు బిర్రుగా, ఎడమ పక్కవి వదులుగా ఉంటాయి. రెండు పక్కలా మరలున్న సింగిల్ స్పీడ్ హబ్‌కి ఆ తేడా ఉండదు. అంటే చక్రం పుట్టుకతోనే గట్టిది, సరిగ్గా అల్లితే.

కాబట్టి కొనొచ్చు. కానీ రెండు విషయాలు తేల్చుకున్నాకే. మొదటిది, రిమ్ములు అల్యూమినియంవా, క్రోమ్ పూసిన ఇనుపవా? అయస్కాంతం అంటుకుంటే వదిలేయండి. ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు పట్టదు, ఏ ప్యాడ్లు మార్చినా పెద్ద తేడా రాదు. రెండోది, భాగాలు మామూలు కొలతల్లో ఉన్నాయా? ఫ్రీవీల్ మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) చతురస్రపు యాక్సిల్ (ఇరుసు) మీద కూర్చునేది, చైను 1/2×1/8 అంగుళాలది. ఇవి ఉంటే ఏది పోయినా ఇంకోటి దొరుకుతుంది. క్రాంకూ యాక్సిలూ కలిపి ఒకే ముక్కగా ఉంటే మాత్రం ఆ సైకిల్ వద్దు.

ముందు పాడయ్యేది అడిగారు కదా: ఎడమ క్రాంకు. కొత్తలో యాక్సిల్ మీద ఇంకాస్త లోపలికి దిగుతుంది, అప్పుడు బోల్టు వదులవుతుంది. టక్ టక్ మంటున్నా అలాగే తొక్కితే, మెత్తటి అల్యూమినియం క్రాంకులోని చదరపు రంధ్రం గుండ్రమైపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, క్రాంకే మార్చాలి. మొదటి రోజే 35 నుంచి 40 న్యూటన్ మీటర్లకు బిగించి, 50 కి.మీ. తర్వాత మళ్లీ చూడండి. ఆ తర్వాతి స్థానం వెనక స్పోకులది.

కోన్‌పానా:

పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను. అయితే ఇలాంటి సైకిళ్లను చెడగొట్టేది చాలాసార్లు ధర కాదు, పెట్టె విప్పిన పూట చేసే బిగింపు. దాన్ని సగం తయారైన సరుకు అనుకుని ఒక సాయంత్రం కేటాయించండి.

ఫోర్కు ముందు. పెట్టెలో పట్టడానికి దాన్ని వెనక్కి తిప్పి పెడతారు. కాళ్ల వంపు ముందుకు, ముందు బ్రేకు కూడా ముందు వైపుకు రావాలి. దీన్ని గమనించకుండా అలాగే తిరిగే సైకిళ్లు రోడ్ల మీద బోలెడు.

పెడల్స్ మీద కుడి, ఎడమ గుర్తులుంటాయి. ఎడమదానికి ఎడమ మర, అపసవ్య దిశలో తిప్పితే బిగుస్తుంది. మరకు గ్రీజు రాసి మొదటి మూడు చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో తిరగలేదంటే మర అడ్డం పడినట్టే. పానా వేశారా క్రాంకు పోయింది.

హబ్బుల కోన్లు (బేరింగు బాల్స్‌ని నొక్కిపట్టే, యాక్సిల్ మీది మర ముక్కలు) ఫ్యాక్టరీలో మరీ బిర్రుగా బిగిస్తారు, గ్రీజు పిసరంత ఉంటుంది. యాక్సిల్‌ని వేళ్లతో తిప్పి చూడండి. గరగరమంటే కోన్ వదులు చేయాలి. ముందు 13, వెనక 15 మి.మీ. సన్న పానా సాధారణంగా సరిపోతుంది. నట్లతో బిగించే యాక్సిల్ కాబట్టి ఆట (పక్కలకు కదలడం) అసలు ఉండకూడదు, గరగరా ఉండకూడదు. ఆ రెంటి మధ్య చోటు దొరికేదాకా కోన్‌ని కొద్దికొద్దిగా కదిపి లాక్‌నట్టు వేయండి. విప్పారు కాబట్టి పాత గ్రీజు తుడిచి కొత్తది నింపడమే మంచిది. బాల్స్ మామూలుగా ముందు పక్కకు పది 3/16 అంగుళానివి, వెనక పక్కకు తొమ్మిది 1/4 అంగుళానివి. ఈ పని చేయకపోతే కోన్ల మీద గుంటలు పడతాయి, అవి పడ్డాక ఏ సర్దుబాటూ పనిచేయదు.

స్పోకుల్ని జంటలుగా పట్టి నొక్కండి. ఒకటి మెత్తగా, పక్కది బిర్రుగా తగిలితే మెకానిక్‌కి ఇచ్చి బెండు తీయించి బిగువు సమం చేయించండి. వదులు స్పోకు ప్రతి చుట్టులోనూ వంగి లేస్తూ మెడ దగ్గర తెగుతుంది, తెగినదాని బరువు పక్కవాటి మీద పడుతుంది. ఈ ఖర్చు సైకిల్ ధరలో కలుపుకునే లెక్క వేయాలి.

ఇక చైను. మధ్యలో వేలితో కదిపితే పైకీ కిందికీ కలిపి ఒక 10 మి.మీ. ఆడాలి. చవక చైన్‌రింగ్ (ముందు పళ్లచక్రం) నిండు గుండ్రంగా ఉండదు కనుక క్రాంకు తిప్పుతూ చైను అన్నిటికంటే బిర్రుగా ఉన్న చోటు వెతికి, అక్కడే కొలవండి. వదులు చోట కొలిస్తే బిర్రు చోట హబ్ బేరింగుల మీద భారం పడుతుంది. వెనక నట్లు చాలకపోతే చైను కుడి పక్కను ముందుకు లాగేస్తుంది, టైరు ఎడమ పక్క ఫ్రేముకి రాసుకుంటుంది. పళ్ల వాషర్లు లేకపోతే వేయించండి.

బ్రేకు ప్యాడ్లు, లోపలి తీగలు మార్చేయండి. వచ్చినవి ప్లాస్టిక్ గట్టిదనంతో ఉంటాయి.

వంతెనమీద:

గేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. 44/16 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 2.75 చుట్లు. ఈ టైరు చుట్టుకొలత 2.13 మీటర్లు, కాబట్టి ఒక తొక్కుడుకి 5.86 మీటర్లు. నిమిషానికి 60 చుట్లకే గంటకు 21 కి.మీ. చదునులో హాయి, బయలుదేరేటప్పుడు, వంతెన మీద బరువు. వంతెన 5 శాతం ఏటవాలు అనుకోండి, మీరు 75 కిలోలు, సైకిల్ 13. గంటకు 12 కి.మీ.తో ఎక్కడానికి 170, 180 వాట్లు కావాలి. అంత బలం చాలామంది కాసేపు పెట్టగలరు. ఇబ్బంది ఏమిటంటే ఆ వేగంలో పెడల్ నిమిషానికి 34 చుట్లే తిరుగుతుంది, మోకాలి మీద పడుతుంది.

వెనక 18 పళ్ల ఫ్రీవీల్ వేయించండి. 44/18 అంటే తొక్కుడుకి 5.2 మీటర్లు, 80 చుట్లకి గంటకు 25 కి.మీ. మీ 6 కి.మీ.కి అంతకంటే వేగం అక్కర్లేదు. సైకిల్‌తో వచ్చే చవక ఫ్రీవీల్ ఎలాగూ ఊగుతుంది, ఇవాళో రేపో మార్చాల్సిందే. వంతెనలు రెండు మూడు ఉంటే, లేదా రోజూ 15 కిలోల సామాను మోయాల్సి ఉంటే మాత్రం నేను ఈ సైకిల్ వద్దనే చెబుతాను. ఆ డబ్బుకి మంచి కంపెనీ పాతది, చక్రాలు బాగున్నది వెతకండి.

పాదచారి:

అందరికీ ధన్యవాదాలండీ. రెండు అనుమానాలు. ఫిక్స్‌డ్ పక్క వాడొచ్చా? 18 వేస్తే చైను కొత్తది కొనాలా?

హబ్‌గ్రీజు:

ఈ ధర హబ్ మీద ఫిక్స్‌డ్ వద్దు. పళ్లచక్రం ఊడకుండా ఆపేది ఎడమ మరతో బిగిసే లాక్‌రింగు. చవక హబ్బుల్లో ఆ మర లోతు తక్కువ, లోహం మెత్తన. వెనక్కి నొక్కి ఆపబోతే మర చిరిగిపోయి చక్రం జారుతుంది. తొక్కి తీరాలంటే రెండు బ్రేకులూ తీయకుండా ఉంచండి.

కోన్‌పానా:

చైను సంగతి: ఒక పన్ను పెరిగితే యాక్సిల్ సుమారు 3 మి.మీ. ముందుకు జరుగుతుంది, రెండు పళ్లకు 6. ఫ్రేము గాడిలో యాక్సిల్‌కి ముందు అంత చోటుంటే పాత చైనే చాలు. జరిపాక టైరు ఫ్రేముకి తగలకుండా ఉందో చూసుకుని, వెనక బ్రేకు ప్యాడ్లు మళ్లీ రిమ్ము మీదికి సర్దండి. చక్రం కదిలింది కాబట్టి అవి టైరును రాసే ప్రమాదం ఉంది.