గ్లాస్గో ఆర్ట్ స్కూల్ భవనం: 1899లోదా, 1909లోదా?

ప్రశ్న: స్కాట్లాండ్‌లోని గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి ఆర్కిటెక్ట్ మాకింటాష్ డిజైన్ చేసిన భవనానికి ఒకచోట 1899 అనీ, ఇంకోచోట 1909 అనీ రాస్తున్నారు. ఏది సరైనదండీ?

జవాబు 1: రెండూనండీ. డబ్బు చాలక 1899కి తూర్పు సగమే కట్టారు. పడమటి సగం, లైబ్రరీతో సహా, 1907-09లో లేచింది. నన్నడిగితే ఆ ఆలస్యం మంచికే జరిగింది. ఈలోగా మాకింటాష్ డిజైన్ మార్చేశాడు, లైబ్రరీకి ఆ నిలువెత్తు కిటికీలు అలా వచ్చినవే.

జవాబు 2: ఉత్తరం గోడ మీద స్టూడియో కిటికీల ముందు ఇనుప బ్రాకెట్లు చూశారా? పైన పూల ముడుల్లా ఉంటాయి గానీ, అద్దాలు తుడిచేవాళ్ళు పలకలు ఆనించుకోడానికి కూడా పనికొచ్చేవి. నాకైతే లైబ్రరీ కన్నా అవే ఇష్టం.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడు వెళ్తే లోపల చూడనిస్తారా?

జవాబు 1: చూడ్డానికి ఏం మిగిల్లేదండీ. 2014 అగ్నిప్రమాదంలో లైబ్రరీ పోయింది. బాగుచేస్తుండగానే 2018 జూన్‌లో మళ్ళీ అంటుకుని లోపలంతా కాలిపోయింది.