మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరం ఎలా రాయాలి?

గట్టుమీద: మున్సిపాలిటీలో విలీనమైన గ్రామాల పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించి, మధ్యలోంచి 100 అడుగుల రోడ్డు గీశారు. అందరం కలిసి ఒక లేఖ మీద సంతకాలు పెట్టి ఇస్తే సరిపోతుందా?

నక్షాపిచ్చి: సరిపోదండి. వందమంది సంతకాలున్నా ఒకే అభ్యంతరం కింద కట్టేసే వీలుంది. పట్టాదారు ఎవరికి వారు రాయాలి. సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, ఇప్పటి పంట, ముసాయిదాలో పెట్టిన జోన్, దాన్ని ఏ జోన్‌కు మార్చాలో అన్నీ ఉండాలి. ఈ చివరిదే చాలామంది వదిలేస్తారు.

ఆఫీసులో అంటించిన మ్యాపులో సర్వే నంబర్లు సరిగా ఆనవు. గ్రామ నక్షా (ఊరి సర్వే మ్యాపు), టీపన్ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం) నకళ్లు తీసుకుని, వాటి మీద రోడ్డు గీయించి జతచేయండి. పొలంలో 200 అడుగుల పొడవున ఆ రోడ్డు పోతే 20,000 చదరపు అడుగులు, అంటే 18 గుంటల పైనే. ఎకరం రైతుకు దాదాపు సగం. ఈ లెక్క ఒక్కటి వేసి చూపితే గోడు వెళ్లబోసుకోనక్కర్లేదు.

ఎర్రరేగడి: సంతకాలను మరీ తీసిపారేయకండి అన్నా. 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల కౌన్సిళ్లు ముసాయిదా వద్దని తీర్మానించాయంటే రైతులు రోడ్డెక్కబట్టే. ఇంతకీ జోన్ మారితే భూమి పోయినట్టేనా?

నక్షాపిచ్చి: ఒత్తిడికి సంతకాలు, ఫైలుకు కాగితాలు. రెండూ కావాల్సిందే, ఒప్పుకుంటా. జోన్ మారితే పట్టా పోదు. సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం కింద వేరే నోటిఫికేషన్ రావాలి. చిక్కంతా పర్మిషన్ దగ్గరే: ఇండస్ట్రియల్ జోన్‌లో మామూలు ఇంటికి అనుమతి దొరకదు, కొనేవాడూ ధర తగ్గిస్తాడు.

చెరువుకట్ట: చెరువులు కూడా చూసుకోండి. 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్ (కట్టడాలకు వీల్లేని జాగా), అంతకంటే చిన్నవాటికి 9. ఇరిగేషన్ వాళ్ల ఎఫ్‌టీఎల్ మ్యాపుతో ముసాయిదాను పోల్చండి. నీళ్లు లేని వేసవి హద్దునే చెరువుగా గీస్తే శిఖం (చెరువు లోపలి) భూమి రెసిడెన్షియల్‌లో కలిసిపోతుంది.

ఇన్‌వర్డ్: ప్రకటనలోని ఆఖరి తేదీ దాకా ఆగొద్దు. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. తీసుకోకపోతే కమిషనర్ పేరున రిజిస్టర్డ్ పోస్టు, ఒక నకలు టౌన్ ప్లానింగ్ డైరెక్టర్‌కు. గడువు ముగిశాక సమాచార హక్కు కింద అభ్యంతరాల రిజిస్టరు, ఒక్కోదానిపై తీసుకున్న నిర్ణయం అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా అభ్యంతరం ఏమైంది" అని అడిగితే "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క వస్తుంది. నంబరు వేసి, ఫలానా నోట్ ఫైలు నకలు కావాలనండి.