మోటుపల్లి చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పుకొటారు:
బడిపిల్లల కోసం మన సముద్రతీర గ్రామం మోటుపల్లి మీద చిన్న పుస్తకం వేయాలని కొందరం అనుకుంటున్నాం. కాకతీయుల నాటి రేవు వైభవంతో మొదలుపెట్టి, మత్స్యకారుల సంగతి చివరి పేజీలో ఇస్తే చాలునని ఒకరు, ఆ వరుసే తప్పని మరొకరు అంటున్నారు. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

శాసనపాఠకుడు:
ఆ వరుసే సరైనది. వీరభద్రస్వామి ఆలయంలోని 1244 నాటి అభయ శాసనంలో, గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల మీద దయతో తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని కాకతీయ రాజు గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యో వంతు సుంకం, చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టునూలు, మిరియాలు అన్నీ అందులో ఉన్నాయి. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు శాసనం వేయించాడు. వలల ప్రస్తావన ఎక్కడా లేదు.

గుడివీధి:
విదేశీ యాత్రికుడు మార్కోపోలో ఇక్కడి రాణి పాలనను మెచ్చుకున్న సంగతి తప్పక రావాలి.

శాసనపాఠకుడు:
ఆయన ఆమెను రాజుగారి వితంతువన్నాడు. రుద్రమదేవి గణపతిదేవుని కూతురు. సరిదిద్ది వేయాలి.

గుడివీధి:
కూతురైనా భార్య అయినా పాలించింది ఆమే కదా.

తెప్పకట్టు:
రాణిగారి సంగతి తర్వాత చూడవచ్చు. వలల ప్రస్తావన లేదన్నారు. సుంకం కట్టేవారి గురించి వేయించిన శాసనంలో వలలు ఎందుకుంటాయి? ఇది తెరిచి ఉన్న ఇసుకతీరం. ఓడలు దూరాన లంగరు వేస్తే, కెరటాలు దాటించి సరుకు ఒడ్డుకు చేర్చినది ఎవరు? తర్వాతి శతాబ్దాల్లో కోరమాండల్ తీరమంతటా మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టిన మసూలా పడవల మీద ఆ పని చేసినవారు మత్స్యకారులే. 1358 నాటి శాసనంలో సంస్కృతం, తెలుగులతో పాటు తమిళ పాఠం కూడా ఉంది. మత్స్యకారులమైన మా పట్టపువారి ఇళ్లలో పెద్దలు నేటికీ తమిళం కలిసిన మాట మాట్లాడతారు. ఇదంతా మీకు కనిపించదా?

శాసనపాఠకుడు:
తమిళ పాఠం తమిళ వర్తకుల కోసం. మసూలా పడవల గురించి ఐరోపావారు రాసినది అభయ శాసనానికి శతాబ్దాల తర్వాతి మాట. ఊహను పిల్లల పుస్తకంలో పెట్టలేము. ఆధారం చూపండి.

తెప్పకట్టు:
మా నాన్నగారిని కూడా ఈ మాటే అడిగారు. వలలు ఆరబెట్టుకునే ఇసుకనేలను ఏదో ప్రాజెక్టు కోసం కొలవడానికి వచ్చినవారు, తరతరాలుగా ఇక్కడే ఉన్నామంటే కాగితం చూపమన్నారు. బడి పుస్తకంలోనూ మేము నిన్నమొన్న వచ్చినవారిలా చివరి పేజీలో కనిపిస్తే, రేపు మా పిల్లలు ఏది చూపించి అడగాలి?

గుడివీధి:
పుస్తకం గురించి మొదలైన చర్చ ఎక్కడికో పోతోంది.

శాసనపాఠకుడు:
అది భూమి తగాదా, చరిత్ర కాదు. ఆ కొలతల్లోనే పట్టా ఉన్న మా పొలం కూడా పోయింది. దాని కోసం చరిత్రను తిప్పి రాయమని నేను అడగలేదు.

తెప్పకట్టు:
మీకు పరిహారమైనా ముట్టింది. పట్టా లేనందుకు మాకు అదీ లేదు. అందుకే మీకు అది తగాదా, మాకు చరిత్ర.

చినగంజాం కోడలు:
ఓడలు రావడం మానేశాక ఇన్ని తరాలు ఊరిని నిలిపినవారి సంగతి ఏ పేజీలో వస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఉప్పుకొటారు:
తెప్పకట్టు గారూ, పేటలోని పెద్దల చేత చెప్పించి పంపండి. శాసనాల అధ్యాయం పక్కనే వేస్తాము.

శాసనపాఠకుడు:
వేయండి. కాని దాని పైన ‘వినికిడి’ అని స్పష్టంగా ఉండాలి.

తెప్పకట్టు:
అలాగే. శాసనం పైన ‘రాజు తన గురించి తాను చెప్పుకున్నది’ అని వేయించండి.